స్థాలీపులాక న్యాయము మట్టికి చెల్లునా?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నింటిని పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకును వ్రేళ్ళ నడుమ నొక్కి చూచిన చాలును. దీనినే మన పెద్దలు స్థాలీపులాక న్యాయమని పేర్కొన్నారు. వంటయింట ఈ న్యాయము మనకు ఎన్నడును ద్రోహము చేయలేదు. ఎందుకనగా కుండలోని ఎసరు అంతటను ఒకే తీరున మరుగుచుండును. గరిటె అడుగును పైకి, పైభాగమును అడుగునకు త్రిప్పుచుండును. ఒక మెతుకు గతియే మిగిలిన మెతుకుల గతి.

నేల విషయము అట్లు కాదు. ఒక కర్మాగారపు ఆవరణలో ఒక మూల రసాయనపు పీపాలు కారియుండవచ్చును. దానికి పది అడుగుల దూరమున మట్టి తోటమట్టి వలె శుభ్రముగా ఉండవచ్చును. నేలలో పడిన విషమును ఎవరును గరిటెతో కలుపరు. అయినను కలుషితమైన స్థలమును శుద్ధి చేయవలెనా వలదా, ఎంత లోతున త్రవ్వవలెను, ఎక్కడ ఆపవలెను అను నిర్ణయములన్నియు గుప్పెడు మట్టిని చూచియే చేయవలసి వచ్చుచున్నది. ఆ గుప్పెడు ఎక్కడ తీయవలెను, ఎన్నిమార్లు తీయవలెను, అసలు ఎందుకు తీయవలెను అను ప్రశ్నలే ఈసారి మన చర్చనీయాంశము.

పుదుచ్చేరి పట్టణమును దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నలను పరిశీలించుట ఉచితముగా ఉండును. పుదుచ్చేరి ప్రాంతపు వైశాల్యము సుమారు 293 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఒక వైపు సముద్రము, మిగిలిన వైపుల తమిళనాడు భూములు. జాగా పెంచుకొనుటకు అవకాశము లేదు. పట్టణమునకు త్రాగునీటి ఆధారము భూగర్భజలము. ముత్తిరపాళెము నుండి పట్టణమునకు నీరు వచ్చినందుకు గుర్తుగా మూడవ నెపోలియన్ కాలమున నిర్మించిన ఆయి మండపము నేటికిని భారతీ ఉద్యానవనములో నిలిచియున్నది. నీటికి మండపము కట్టుకొన్న ఊరు అది. ఇసుక పాలు హెచ్చుగా గల తీరభూములలో పైన పడినది క్రిందికి దిగుటకు ఎక్కువ కాలము పట్టదు. కనుక అక్కడ నేలను గూర్చిన ప్రశ్న నీటిని గూర్చిన ప్రశ్నయు అగుచున్నది.

ఆ పట్టణపు చెత్త ఏండ్ల తరబడి కురుమాంపేట మైదానమున పోగుపడినది. ఆ పాత చెత్తను త్రవ్వి, జల్లించి, వేరుచేసి తరలించు బయోమైనింగ్ పనిని ఇటీవలి సంవత్సరములలో చేపట్టినారు. 1898లో స్థాపింపబడి 2020లో మూతపడిన ఆంగ్లో-ఫ్రెంచి టెక్స్‌టైల్స్ మిల్లు వంటి విశాలమైన పారిశ్రామిక ఆవరణలును పట్టణమున కలవు. ఇట్టి స్థలములు ఇండ్లకో, బడికో, ఉద్యానవనమునకో మరల వాడుకకు వచ్చునప్పుడు మొట్టమొదట వేయవలసిన ప్రశ్న ఒక్కటే: నేల బాగున్నదా? మిల్లు ఉన్నంత మాత్రమున నేల చెడినదని అర్థము కాదు. చెత్త తీసివేసినంత మాత్రమున నేల బాగుపడినదనియు అర్థము కాదు. ఏ మాట చెప్పవలెనన్నను సాక్ష్యము కావలెను.

ఆ సాక్ష్యము ఎంత స్వల్పమో ఒక చిన్న లెక్క వలన తెలియగలదు. ఒక హెక్టారు స్థలమును, అనగా సుమారు రెండున్నర ఎకరములను, తీసికొనుడు. ఒక మీటరు లోతు వరకు అందులోని మట్టి 10,000 ఘనపు మీటర్లు. బరువు సుమారు 15,000 టన్నులు. ఆ స్థలము నుండి 25 సీసాల మట్టి తీసి ప్రయోగశాలకు పంపితిమనుకొందము. ఒక్కొక్క సీసాలోని పావుకిలో మట్టి నుండి రసాయనికుడు పరీక్షకు తీసికొనునది ఒక గ్రాము. వెరసి 15,000 టన్నుల తరఫున 25 గ్రాములు సాక్ష్యము చెప్పవలెను! ప్రయోగశాలలోని పరికరము ఎంత సూక్ష్మమైనదైనను, ఆ గ్రాము ఏ చోటి గ్రాము అను విషయమే తీర్పును నిర్ణయించును. పొరపాటు పరీక్షనాళికలో కంటె పలుగు దిగిన చోటనే ఎక్కువగా జరుగుచుండును.

ఇందుకు చక్కని దృష్టాంతము పుదుచ్చేరి ప్రక్కనే కలదు. పట్టణమునకు దక్షిణమున అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడు దిబ్బను 1945లో సర్ మార్టిమర్ వీలర్ త్రవ్వించినారు. దొరికిన ఇటలీ దేశపు మట్టిపాత్రల ముక్కల ఆధారముగా అది క్రీస్తుశకారంభ కాలపు వర్తకస్థానమని నిర్ధారించినారు. 1947 నుండి 1950 వరకు ఫ్రెంచి పండితుడు కజాల్ అచటనే పనిచేసినారు. పిమ్మట 1989 నుండి 1992 వరకు విమలా బెగ్లీ నాయకత్వమున మరల త్రవ్వకములు సాగినవి. అప్పుడు తేలినదేమనగా, ఆ స్థలమున జనావాసము వీలర్ తలచినదానికంటె ముందుగానే ఆరంభమై, ఆయన తలచినదానికంటె చాలకాలము నిలిచినది. దిబ్బ మారలేదు, గోతులు మారినవి, వాటిని చదివిన తీరు మారినది. చరిత్రకారునికి ఇట్టి సవరణ వలన నష్టము లేదు, లాభమే. కాని విషము దాగిన నేల విషయమున సవరణకు నలువది సంవత్సరములు వేచియుండుట సాధ్యము కాదు. ఆలోగా ఆ నేలపై ఒక తరము పిల్లలు ఆడుకొని పెద్దవారగుదురు.

నేలను గూర్చిన తీర్పులో రెండు విధముల తప్పులు జరుగవచ్చును. చెడిన నేలను మంచిదని ప్రకటించుట మొదటిది. దీని ఫలితమును అనుభవించువారు అచట కాపురముండువారు, ఆ బావినీరు త్రాగువారు. మంచి నేలను చెడినదని ప్రకటించుట రెండవది. దీనివలన కోట్ల రూపాయలు వ్యర్థమగును. శుభ్రమైన మట్టిని లారీలకెత్తి మరియొక ఊరి పొలిమేరలో పోయుదురు. నిజముగా శుద్ధి చేయవలసిన మరియొక స్థలమునకు ధనము చాలదు. రెండు తప్పులును పూర్తిగా తొలగవు. ఏ తప్పును ఎంతమేరకు సహింపగలమో ముందుగా నిశ్చయించుకొని, దానికి తగినట్లు నమూనాలు సేకరించుటయే వివేకము. సందేహమును దాచుట శాస్త్రము కాదు. దానిని కొలిచి చెప్పుట శాస్త్రము.

ముందుచూపు లేని సేకరణ వలన ఏమగునో అమెరికాలోని లవ్ కెనాల్ ఉదంతము లోకమునకు తెలిపినది. నయాగరా ఫాల్స్ పట్టణములో రసాయనపు వ్యర్థములతో పూడ్చిన ఒక పాత కాలువను ఆనుకొని ఇండ్లు, బడి వెలసినవి. 1978లో అచట అత్యవసర పరిస్థితిని ప్రకటించి అనేక కుటుంబములను తరలించినారు. ఆ తరువాత అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మట్టి, నీరు, గాలి నమూనాలను వేలకొలది సేకరించి 1982లో నివేదిక వెలువరించినది. పరిసరములు నివాసయోగ్యములే యని దాని ఆధారముగా చెప్పినారు. కాని ఆ దేశపు శాసనసభకు సలహా చెప్పు సాంకేతిక పరిశీలనా కార్యాలయము 1983లో ఆ పనిని పరీక్షించి, ఉన్న సమాచారముతో ఆ చోటు ప్రమాదకరమని గాని, ప్రమాదరహితమని గాని నిశ్చయముగా చెప్పజాలమని తేల్చినది. వేల నమూనాలున్నను తీర్పు లేదు! పిమ్మట ప్రశ్ననే మార్చి, ఆ వాడలను అదే ప్రాంతములోని అట్టి ఇతర వాడలతో పోల్చి చూచుటకు అనువుగా క్రొత్త సేకరణ జరిపినారు. 1988లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యాధికారి కొన్ని భాగములు నివాసమునకు తగుననియు, మరికొన్ని తగవనియు నిర్ణయించినారు. మొదటిసారి లోపించినది నమూనాల సంఖ్య కాదు. అవి ఏ ప్రశ్నకు జవాబు చెప్పవలెనో అను స్పష్టత.

ఇట్టి అనుభవముల నుండి ఆ సంస్థయే ఏడు మెట్ల ప్రణాళికా పద్ధతి నొకదానిని రూపొందించినది. సమస్య యేమి? తీసికొనవలసిన నిర్ణయమేమి? దానికి ఏ సమాచారము కావలెను? ఎంత స్థలము, ఎంత లోతు, ఏ ఋతువు మన హద్దులు? కొలత ఎంత వచ్చినచో ఏమి చేయుదుము? ఎంత తప్పును సహింతుము? ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనిన పిమ్మట, ఏడవ మెట్టున మాత్రమే, ఎక్కడ ఎన్ని నమూనాలు తీయవలెనో నిశ్చయింపవలెను. సాధారణముగా మనము చేయుచున్నది దీనికి తలక్రిందులు. ముందు మట్టి తెచ్చెదము. అంకెలు వచ్చిన తరువాత వాటికి తగిన ప్రశ్నను వెదకెదము.

ఐదవ మెట్టు మిక్కిలి ముఖ్యము. హద్దు సంఖ్య ముందుగా నిర్ణయమై, అందరికి తెలిసియుండవలెను. కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన ఉష్ణమాపకముల కర్మాగారపు ఆవరణలో పాదరసము కిలో మట్టికి 20 మిల్లీగ్రాములకు మించరాదను ప్రమాణమును అనుసరించి శుద్ధి చేయ నిశ్చయించినప్పుడు, ఆ అంకె చాలునా చాలదా యను వాదము ఏండ్ల తరబడి సాగినది. ఆ వాదము సాగుట మంచిదే. కాని హద్దు ఏదియో తెలియకుండ నమూనాలు తీయుట, గమ్యము తెలియని బండికి ఎద్దులను కట్టుట వంటిది.

ఇక సంఖ్య మాట. మన హెక్టారు స్థలమున ఎక్కడనో 5 మీటర్ల వ్యాసార్ధము గల విషపు మచ్చ యొకటి దాగియున్నదనుకొందము. స్థలమును 20 మీటర్ల గడులుగా గీచి ఒక్కొక్క గడికి ఒక నమూనా చొప్పున 25 తీసినచో, అందులో ఒకటైనను ఆ మచ్చపై పడు అవకాశము నూటికి 20 మాత్రమే. అనగా ఐదింట నాలుగుమార్లు మచ్చ తప్పించుకొనును. కాగితముపై స్థలము శుభ్రమగును. 10 మీటర్ల గడులతో 100 నమూనాలు తీసినచో అవకాశము నూటికి 78కి పెరుగును. 7 మీటర్ల గడులతో సుమారు 200 నమూనాలు తీసినచో మచ్చ తప్పించుకొనుట అసాధ్యము. కనుక ఎన్ని నమూనాలు చాలునని అడుగుటకు ముందు, ఎంత మచ్చ తప్పిపోయినను ఫరవాలేదని అడుగవలెను. పిల్లల ఆటస్థలమునకు, లారీలు నిలుపు చోటికి జవాబు ఒకటే కానేరదు.

గడులు గీయక, ఎక్కడ పడిన అక్కడ తీసినప్పటికిని లెక్క ఇంచుమించు ఇట్లే ఉండును. నేలలో నూటికి 5 పాళ్ళు చెడియున్నదనుకొందము. చీట్లు తీసినట్లు నిష్పక్షపాతముగా ఎన్నుకొన్న 25 చోట్ల ఒక్కటియు చెడినది కాకపోవుటకు నూటికి 28 అవకాశములు కలవు. ఈ ప్రమాదమును నూటికి 5కి దించవలెనన్నచో 59 నమూనాలు కావలెను. పాతిక సీసాలు శుభ్రముగా వచ్చినవని సంతోషించువారు ఈ లెక్కను ఒకమారు తలచుకొనుట మంచిది.

ఖర్చు తగ్గించుటకై పది చోట్ల మట్టిని ఒకటిగా కలిపి పరీక్షించుట కలదు. ఇది తప్పుపద్ధతి కాదు; కాని దానిని చదువుట తెలియవలెను. తొమ్మిది చోట్ల పాదరసము కిలోకు 1 మిల్లీగ్రాము, పదవచోట 110 ఉన్నదనుకొందము. కలిపిన మట్టిలో 11.9 వచ్చును. హద్దు 20 కనుక అంతయు క్షేమమని ప్రకటించినచో, హద్దుకు అయిదింతలు మించిన చోటు శుభ్రమైన మట్టి చాటున దాగిపోయినట్లే. పది కలిపినప్పుడు హద్దును కూడ పదిచే భాగించి, ఫలితము 2 దాటినచో పదింటిని విడివిడిగా మరల పరీక్షింపవలెనను నియమము పెట్టుకొన్నచో, ఆ పద్ధతియే చౌకయు, భద్రమును అగును. పరికరము అదే, మట్టి అదే. ముందుగా వ్రాసికొన్న నియమమే తేడా.

నమూనాలకంటె చౌకయైన సాధనము మరియొకటి కలదు. అది జ్ఞాపకము. రంగుల కొట్టు ఎక్కడ ఉండెడిది? బొగ్గు మసి ఎక్కడ పోసెడివారు? యంత్రపు నూనె ఏ కాలువ గుండ పోయెడిది? ఏ బావి నీరు మొదట రుచి మారినది? వీనికి జవాబులు పాత పటములలోను, పదవీవిరమణ చేసిన కార్మికుల నోటను, ఆ వీధి గృహిణుల నోటను దొరకును. వాటిని కూర్చి, విషము ఎక్కడ పుట్టి ఏ దారిన ఎవరిని చేరునో చూపు ఒక ఊహాచిత్రమును గీయవలెను. నమూనా యనగా ఆ చిత్రమును పరీక్షకు పెట్టుట. ఋతువును కూడ మరువరాదు. పుదుచ్చేరికి వర్షములో అధికభాగము అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనముల వలన లభించును. ఎండకాలమున తీసిన బావినీరు వానకాలపు సంగతి చెప్పదు.

మన తెలుగునాట ఇందుకు గట్టి ఉదాహరణము హైదరాబాదు దక్షిణపు అంచున గల కాటేదాన్ పారిశ్రామికవాడ. రంగులద్దకము, బ్యాటరీలు, లోహపు పూత మొదలగు పనులు చేయు సుమారు 300 పరిశ్రమలున్న ఆ వాడలోను, దిగువనున్న నివాస ప్రాంతములలోను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మట్టి సేకరించి పరీక్షించినారు. 2008లో ప్రకటించిన ఫలితములలో సీసము, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం పారిశ్రామికవాడ అంతటను మిక్కిలి హెచ్చుగా కనబడినవి. వానయు గాలియు ఆ కాలుష్యమును వాడలో వ్యాపింపజేసినవని వారు భావించినారు. కాని నివాస ప్రాంతపు కాలుష్యము వాడ నుండి కొట్టుకొని వచ్చినదని తలచుట కష్టమనియు, అచటనే పారబోసిన వ్యర్థములే దానికి ముఖ్యకారణమై యుండుననియు చెప్పినారు. ఈ ఒక్క వాక్యము విలువ గమనింపదగినది. వాడలో మాత్రమే మట్టి తీసియుండినచో, వాడను శుద్ధి చేసిన ఇండ్లవద్ద నేల తానే బాగుపడునని నమ్మియుందుము. ధనము వాడలో ఖర్చగును. పిల్లలు ఆడుకొను చోట విషము ఉన్నచోటనే ఉండును. అదే వాడలోని నూర్ మహమ్మద్ కుంటయు, కడప చెత్తదిబ్బయు 2010లో ప్రపంచబ్యాంకు సహాయముతో ఆరంభమైన కాలుష్య నివారణ పథకమున నమూనా స్థలములుగా ఎన్నికైనవి.

అన్ని నమూనాలను ఒకేసారి తీసి నెలల తరబడి ఫలితములకై ఎదురుచూచుట నేడు తప్పనిసరి కాదు. చేతబట్టుకొను ఎక్స్-రే పరికరముతో మట్టిలోని సీసము వంటి లోహములను అక్కడికక్కడే నిమిషములలో కొలువవచ్చును. దాని ఖచ్చితత్వము ప్రయోగశాలకు సాటిరాదు. అయినను స్థూలమైన వంద కొలతలు మచ్చ ఎక్కడ ఉన్నదో చూపును. సూక్ష్మమైన పది కొలతలు అది ఎంత తీవ్రమో చెప్పును. ఉదయపు ఫలితమును చూచి మధ్యాహ్నపు గొయ్యి ఎక్కడ త్రవ్వవలెనో నిశ్చయింపవచ్చును. త్రవ్వకము ముగిసిన తరువాత గొయ్యి అడుగునను, ప్రక్కగోడలనుండియు మరల నమూనాలు తీసి, మిగిలినది హద్దు లోపల ఉన్నదని నిరూపించిన పిమ్మటనే పూడ్చవలెను. ఈ చివరి మెట్టును విడిచినచో, పుండు కడగక కట్టు కట్టినట్లగును.

భారత ప్రభుత్వము 2025 జులైలో కలుషిత స్థలముల నిర్వహణకు ప్రత్యేక నియమావళిని ప్రకటించినది. దీని ప్రకారము అనుమానాస్పద స్థలముల పట్టిక ఆరు మాసములకొకసారి సిద్ధము కావలెను. 90 దినములలో ప్రాథమిక పరిశీలన, తదుపరి మూడు మాసములలో సమగ్ర పరిశీలన జరుగవలెను. శుద్ధి వ్యయమును కాలుష్యమునకు బాధ్యులైన వారినుండి రాబట్టవలెను. అప్పటికి దేశమున గుర్తించిన 103 కలుషిత స్థలములలో 7 చోట్ల మాత్రమే శుద్ధిపని మొదలైనట్లు వార్తలు వెలువడినవి. పట్టణపు చెత్తదిబ్బలు ఈ నియమావళి క్రిందకు రావు. వాటికి వేరు నియమములు కలవు. కాని విషమునకు నియమావళుల హద్దులు తెలియవు. కర్మాగారపు నేలకైనను, కురుమాంపేట వంటి దిబ్బ క్రింది నేలకైనను సాక్ష్యము సేకరించు ధర్మము ఒకటే.

ఇది నిపుణుల విషయము, మనకేమి పని అని పాఠకులు తలపరాదు. మీ ఊరిలో ఒక పాత స్థలమును పరీక్షించి శుభ్రమని ప్రకటించినప్పుడు శాస్త్రము చదువని వారును అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. ఏ వాడుకకు తగినదని ఈ మాట చెప్పుచున్నారు? హద్దు అంకె నమూనాలు తీయక ముందే నిర్ణయమైనదా? ఎంత పెద్ద మచ్చ ఈ సేకరణకు చిక్కక పోవచ్చును? విడివిడిగా పరీక్షించినారా, కలిపి పరీక్షించినారా? ఎంత లోతున, ఏ మాసమున తీసినారు? ఆ చోటి సంగతి తెలిసిన పాతవారిని అడిగినారా? గోతులు తీసిన చోట్ల పటమును అందరు చూచునట్లు ఉంచినారా?

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగల నివేదిక, అందులో ఎంత సందేహమును ఒప్పుకొన్నప్పటికిని, నమ్మదగినది. సందేహమే లేదని పలుకు నివేదికను మాత్రము మరియొకమారు చదువవలెను. వంటయింటి కుండకు ఒక్క మెతుకు చాలును. నేలకు ఎన్ని మెతుకులు కావలెనో, ఆ నేలపై బ్రతుకవలసిన వారిని తలచుకొని నిశ్చయింపవలెను.